సేఫ్ మోడ్ రోజున అన్న సరే

నీళ్ళమీద తేలుతున్న మా ఇంటావిడకి,

నేలమీద నిలబడి ఉన్న నీ ఇంటాయన ప్రేమతో రాసేది. ఇక్కడ నేనూ, అత్తయ్యా కులాసా. నువ్వూ, నీ వంటగదిలో ఊగే గిన్నెలూ, నీ చేతివంట తిని బతుకుతున్న ఆ ఓడవాళ్ళంతా కూడా కులాసాగానే ఉన్నారనుకుంటూ మొదలుపెడుతున్నాను.

నీ ఉత్తరం అందింది. అత్తయ్య ముందు ఒకసారి, ఆవిడ పడుకున్నాక ఒకసారి చదువుకున్నాను. కాగితం ఉల్లిపాయ వాసన వేస్తోందని నేనంటే, కాదు, సముద్రం వాసనని మీ అమ్మ పట్టుబట్టారు. ముక్కు విషయంలో మీ తల్లీకూతుళ్ళని గెలవడం నావల్ల కాదని ఒప్పేసుకున్నాను.

ముందు తేలికపాటి ప్రశ్నలకి జవాబులు చెప్పేస్తాను. అత్తయ్య మోకాలు పర్వాలేదు. మెట్లు ఎక్కేటప్పుడు మాత్రం ఒక్కో మెట్టునీ విడివిడిగా తిడుతున్నారు. వంటింటి కిటికీ గడియ బాగుచేయించాను, ఇప్పుడు గాలికి టపటపా కొట్టుకోవడం లేదట. కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడకి మనవరాలు పుట్టింది. గొంతు మాత్రం నానమ్మదేనట, ఏడిస్తే వీధి చివరిదాకా వినిపిస్తోందట.

ఇక్కడ పొగమంచు రోజులు నడుస్తున్నాయి. పొద్దున్నే ఫ్యాక్టరీకి నడిచి వెళ్తుంటే వీధి ఉన్నట్టూ ఉంటుంది, లేనట్టూ ఉంటుంది. బస్సులు తెల్లటి నీళ్ళలో పెద్ద చేపల్లా ఎదురొచ్చి, మెల్లగా పక్కనుంచి జారిపోతాయి. ఎదురుగా వచ్చే మనిషి ముందు నీడగా, తర్వాత కోటుగా, ఆఖరికి ముఖంగా మారతాడు. ఫ్యాక్టరీ లోపలా అంతే. మట్టి దుమ్ము గాల్లో తేలుతూ ఉంటుంది. చెక్కబల్లల మీద ఆరబెట్టిన కప్పులు, రెక్కలు ముడుచుకుని నిద్రపోతున్న తెల్లపిట్టల్లా వరసగా ఉంటాయి. నడుస్తున్నానో, నిద్రలో ఉన్నానో ఒక్కోసారి నాకే తెలియదు.

సరే, ఇంక తప్పించుకోను. నువ్వు కింద గీతగీసి మరీ అడిగినదానికి వస్తాను.

"ఫోన్ సేఫ్ మోడ్‌లోకి పోయింది, అందుకే ఎత్తలేకపోతున్నానని రాశావు. మా ఓడ వైర్‌లెస్ ఆయన్ని అడిగాను. సేఫ్ మోడ్‌లో ఉన్నా ఫోన్లు వస్తాయి, మాట్లాడొచ్చు, ఆపి మళ్ళీ వెలిగిస్తే అది పోతుంది కూడా అన్నాడు. మరి నీ సేఫ్ మోడ్ నా ఒక్కదానికేనా? ఆఖరిసారి మాట్లాడినప్పుడు, ఇంకో ఏడాది ఉండమంటావా, వచ్చేయమంటావా అని అడిగాను. సరే సరే అన్నావు. ఏది సరే? వచ్చే రేవులో నేను సంతకం పెట్టాలి. కోపముంటే తిట్టు. అంతేగాని ఇలా నోరు కుట్టేసుకుని కూర్చోకు."

వైర్‌లెస్ ఆయన చెప్పినదాంట్లో అక్షరం అబద్ధం లేదు. జరిగింది మొదటినుంచీ చెబుతాను, కాస్త ఓపిగ్గా చదువు.

ఆ మధ్య నా ఫోన్ ఫ్యాక్టరీలో మట్టితొట్టి పక్కన పడి మూల చిట్లింది. అది చూసి అత్తయ్య రోడ్డుపక్క బండిమీద ఒక మందపాటి రబ్బరు కవరు కొనుక్కొచ్చారు. తొడగడానికి ఇద్దరం పట్టాల్సొచ్చింది. ఎదిగిన పిల్లాడికి కిందటేటి చొక్కా తొడిగినట్టు బిర్రుగా ఉంది. ఆ రాత్రి ఛార్జింగ్ అయిపోయి ఫోన్ ఆరిపోయింది. పొద్దున్న వెలిగించి చూస్తే తెర కింద మూలన సేఫ్ మోడ్ అని చిన్న అక్షరాలు. తెరమీద బొమ్మల్లో సగం బూడిదరంగుకి తిరిగిపోయాయి, నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. గడియారం ఉంది, కెమెరా ఉంది, ఫోన్ చేసుకునే బొమ్మ ఉంది. మనం తర్వాత వేసుకున్న యాప్‌లన్నీ నిద్రపోయాయి. సేఫ్ అంటే క్షేమమనే కదా, ఇంట్లో ఒక్కటైనా క్షేమంగా ఉన్నానని చెబుతుంటే మీకెందుకు కంగారు అని అత్తయ్య అన్నారట.

మధ్యాహ్నం సెలవు పెట్టి, అత్తయ్యని తోడు తీసుకుని ఫోన్లు బాగుచేసే షాపుకి వెళ్ళాను. షాపంటే ఒక బీరువా అంత. లోపల ఒకావిడ కంటికి భూతద్దం పెట్టుకుని, ఎవరిదో ఫోన్ కడుపు విప్పి కూర్చుంది. నాది చూసి, తలెత్తకుండానే ఏదో చెప్పింది. ఏదో ఒక యాప్ పేచీ పెడుతుంటే దాన్ని పట్టుకోవడానికి ఫోన్‌కి ఈ ఏర్పాటు ఉంటుందట. కొన్నప్పుడు దాంతోపాటు వచ్చినవి మాత్రమే మేలుకుని ఉంటాయట. పోగొట్టడం చిటికెలో పనట. పక్కన ఉన్న పవర్ మీట కాసేపు నొక్కి పట్టుకుంటే తెరమీద రీస్టార్ట్ అని వస్తుంది, దాన్ని తాకితే చాలు.

తాకింది. ఫోన్ ఆరి, మళ్ళీ వెలిగింది. మూలన ఆ అక్షరాలు అలాగే ఉన్నాయి. ఆవిడ భూతద్దం పైకి తోసి, ఫోన్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, రబ్బరు కవరు ఊడబీకింది. కవరు బిగువుకి సౌండ్ తగ్గించే మీట ఎప్పుడూ నొక్కుకునే ఉంటోందట. ఫోన్ వెలిగేటప్పుడు ఆ మీట నొక్కి ఉంటే, సేఫ్ మోడ్ కావాలని మనమే అడుగుతున్నామనుకుంటుందట పాపం. కవరు లేకుండా మళ్ళీ ఆపి వెలిగించేసరికి అక్షరాలు పోయాయి, బొమ్మలకి రంగులొచ్చాయి. నేను కొన్న కవరే దొంగన్నమాట అని మీ అమ్మ దారిపొడుగునా నొచ్చుకున్నారు.

అంతే. నీకు నెలలతరబడి సాకుగా చెప్పిన సేఫ్ మోడ్ బతుకు ఆ ఒక్క పూట. అప్పటినుంచీ నా ఫోన్ నిక్షేపంలా ఉంది.

ఈ ఉత్తరంలో 'అట'లు ఎక్కువయ్యాయని నువ్వీపాటికి గమనించే ఉంటావు. అట, అట అని నేనెప్పుడూ మాట్లాడే మనిషిని కాదు. షాపావిడ చెప్పిందేదీ నేను వినలేదు. అత్తయ్య తర్వాత చెబితే తెలిసింది.

ఏమోయ్, నాకు వినపడడం లేదు.

పూర్తిగా కాదు. నువ్వు ఓడెక్కక ముందే మొదలైంది. మొదట గ్లాసులో చెంచా చప్పుడు పోయింది. తర్వాత పొద్దుటి పిచ్చుకలు. ఆ తర్వాత మాటల చివర్లు పోయాయి. మనుషులందరూ వాక్యాన్ని సగంలో వదిలేసి వెళ్ళిపోతున్నట్టు ఉండేది. ఎవరితోనూ అనకుండా ఫోన్‌లో ఒక యాప్ వేసుకున్నాను. ఎదుటివాళ్ళు మాట్లాడినా, ఫోన్‌లో మాట్లాడినా ఆ మాటల్ని తెరమీద అక్షరాలుగా రాసి చూపిస్తుంది. అన్నం తినేటప్పుడు ఫోన్‌ని మంచినీళ్ళ చెంబుకి ఆనించి పెట్టుకుంటున్నానని అత్తయ్య నీతో చాడీ చెప్పారే, వార్తలు చూస్తున్నాననుకున్నారు. నేను చూసింది ఆవిడ మాటలే.

నీ మాటలూ అలాగే చదువుకున్నాను. నువ్వు రేవునుంచి ఫోన్ చేస్తే, నీ మాటలు ఒక్కొక్కటే తెరమీద పాకుతూ వచ్చేవి. నువ్వు నవ్వితే ఎలా రాయాలో దానికి తెలియదు, ఖాళీ వదిలేసేది. ఆ ఖాళీ చూసి నేనూ నవ్వేవాణ్ణి. ఒకసారి, క్యారెట్లు చాలా పెద్దవిగా ఉన్నాయి, అందరికీ కడుపులో తిప్పుతోంది అన్నావు. అయితే తొక్క తీసి వండు అన్నాను. నేను హాస్యమాడానని ఎంతసేపు నవ్వావో, తెరంతా ఖాళీ. నువ్వన్నది కెరటాలని నాకు వారం తర్వాత వెలిగింది.

ఇక ఆ సేఫ్ మోడ్ పొద్దుటి సంగతి. నా యాప్ బూడిదరంగులో నిద్రపోతున్న ఆ పూటే నీ ఫోన్ వచ్చింది. అత్తయ్య కూరగాయలకి వెళ్ళారు. ఎత్తాను. తెరమీద ఒక్క అక్షరం లేదు. చెవికి గట్టిగా అదుముకుంటే, ఎక్కడో లోతున నీళ్ళకింద ఎవరో నడుస్తున్నట్టు నీ గొంతు. అది నువ్వేనని తెలుస్తోంది, ఏమంటున్నావో తెలియదు. చాలాసేపు మాట్లాడావు. ఒకచోట ఆగావు. ఏదో అడిగి ఎదురుచూస్తున్నావని ఆ ఆగడంలోనే తెలిసింది. మళ్ళీ చెప్పు అనొచ్చు. అనలేకపోయాను. సరే అన్నాను. నువ్వు మళ్ళీ ఏదో అన్నావు. మళ్ళీ సరే అన్నాను. తర్వాత నువ్వు పెట్టేశావు.

అదీ ఆ సరే కథ. నేను దేనికి సరే అన్నానో నీ ఉత్తరం వచ్చేదాకా నాకు తెలియదు.

షాపునుంచి బయటికొచ్చాక మెట్లమీద అత్తయ్య ఆగిపోయారు. పొద్దున్న ఉల్లిపాయలు ఎన్ని తెమ్మంటారని అడిగితే నేను సాయంత్రం ఆరింటికన్నానట. షాపావిడ స్క్రీన్ లాక్ అంకెలు చెప్పమని ఎన్నిసార్లు అడిగినా నవ్వి ఊరుకున్నానట. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది వ్యవహారం, ఇంకెంతసేపు దాగుతుంది? అత్తయ్య చేతిసంచీ కింద పెట్టి, నా గడ్డం పట్టుకుని ముఖం తనవైపు తిప్పుకున్నారు. పెళ్ళయినప్పటినుంచీ నన్ను అల్లుడుగారూ, మీరూ తప్ప ఇంకో మాట అనని మనిషి. పెదాలు నెమ్మదిగా కదుపుతూ అడిగారు.

"నీకు వినపడడం లేదు కదా, నాయనా?"

పెదాలు చూసే చదువుకున్నాను. మీకు అనలేదు. నీకు అన్నారు. అవునని తలూపాను.

"దానికి తెలుసా?"

తెలియదని తల అడ్డంగా ఊపాను. ఆవిడ ఆ మెట్టుమీదే కూలబడి, నన్నూ పక్కన కూర్చోబెట్టుకున్నారు. పొగమంచు అప్పుడే విడుతోంది. జనం మమ్మల్ని దాటుకుని పైకీ కిందకీ వెళ్తున్నారు. నా భుజం తట్టి, ఇది నేను చెప్పను, నువ్వే చెప్పాలి, నా కూతురు తన మొగుడి సంగతి నా నోటిమీదుగా వినకూడదు అన్నారు. ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా. మీ అమ్మ ఒక రహస్యం ఇన్నాళ్ళు కడుపులో దాచుకున్నారంటే ఎంత కష్టపడ్డారో నీకు నేను చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత యాప్ బాగానే ఉన్నా నీ ఫోన్ ఎత్తబుద్ధి కాలేదు. మళ్ళీ తెర చూసి నీతో నాటకమాడడం చేతకాలేదు, నిజం చెప్పే ధైర్యమూ రాలేదు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నాను.

అత్తయ్య ఊరుకోలేదులే. చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళారు. వినికిడి నరం సన్నబడుతోందని, రెండు చెవులకీ యంత్రాలు పెట్టుకుంటే మిగిలింది కొంతకాలం పనికొస్తుందని డాక్టరు కాగితంమీద రాసిచ్చాడు. ఫ్యాక్టరీలో మేస్త్రీకి కూడా నేనే వెళ్ళి చెప్పాను. నా పని నీకు తెలుసుగా, కాల్చిన కప్పుని చిన్న కర్రతో తట్టి, ఖంగుమంటే మంచిది, డొల్లగా పలికితే లోపల బీటుందని ఏరేయడం. వినపడనివాడు అక్కడ కూర్చోకూడదు. కూర్చుంటే, బీటున్న కప్పు ఎవరి చేతిలోనో వేడి టీతో సహా విచ్చుకుంటుంది. మేస్త్రీ కాసేపు గడ్డం గోక్కుని, నన్ను కప్పులకి పిడులు అతికించే గదిలోకి మార్చాడు. మావాళ్ళు పిడిని చెవి అంటారు. రోజంతా చెవులు అతికిస్తున్నాను. పనిలోపనిగా నీకూ ఓ రెండు పెట్టుకోరాదూ అని తోటివాళ్ళ వేళాకోళం. మొదటిరోజు గుచ్చుకుంది. ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను.

ఒక్కటి మాత్రం చెప్పాలి. కలలో నా చెవులు చక్కగా పనిచేస్తాయి. నువ్వు గిన్నెలో గరిటె తిప్పడం, మూత కొంచెం జరిపి మళ్ళీ పెట్టడం, నీకే తెలియకుండా నువ్వు తీసే ఆ కూనిరాగం, అన్నీ వినిపిస్తాయి. రోజూ ఒకే చోట మెలకువొస్తుంది. లేచి కూర్చుంటే ఇల్లంతా దూదితో నింపినట్టు ఉంటుంది. భయమేమీ ఉండదు. మంచు కురిసే ఊళ్ళో నిద్రలేచినట్టు ఉంటుంది. నువ్వు మాత్రం ఉండవు.

కొత్త యంత్రాలు పెట్టుకున్నాను. లోకం రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు ఉంది. మాట వేరు, చప్పుడు వేరని మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలి. బాగా తెలిసిన గొంతుతో మొదలుపెట్టమని డాక్టరు రాశాడు. అత్తయ్య రోజూ ఎదురుగా కూర్చుని, నన్ను మళ్ళీ మీరు అంటూ, దినపత్రిక చదివి పెడుతున్నారు. పర్వాలేదు, ధరల పట్టిక దాకా వచ్చాం.

ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు. దీనికోసం నాలుగు కాగితాలు చింపాను. చెవులు పోతున్నాయని జాలిపడి వస్తావేమోనని ఒకసారి ఉండమని రాశాను. అది అబద్ధమని చింపేశాను. నువ్వు ఆ రోజు అడిగిన మాట నాకు శుభ్రంగా వినపడి ఉంటే, చెవులు బాగా పనిచేసే రోజుల్లో అడిగి ఉంటే, ఏమనేవాణ్ణి? వచ్చేయ్ అనేవాణ్ణి. ఇప్పుడూ అదే అంటున్నాను. నీకు ఇంకా నీళ్ళమీద ఉండాలనే ఉంటే ఉండు, నీ సంతకం నీది. కానీ నేను సరే అన్నానని మాత్రం పెట్టకు.

నాలో ఇంకా కొంచెం వినికిడి మిగిలి ఉంది. దాన్ని ధరల పట్టిక మీద ఖర్చుపెట్టుకోవాలని లేదు. నీ గొంతు మీద పెట్టుకోవాలని ఉంది.

ఇట్లు,
సరే అనకుండా, రమ్మంటున్న
నీ ఇంటాయన