మేడ మీది తప్పెటగుళ్ళు

నర్సీపట్నం

అక్కకు నాగవేణి నమస్కారాలు.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను, బడికి వెళ్తున్నాను, ఒళ్ళు కూడా కాస్త చేశాను. నాన్న దగ్గు తగ్గిందా? బావగారు ఈసారైనా టమోటా కాయ నిలబడిందని సంబరంగా ఉన్నారా? పిల్లలు చదువుతున్నారా, నీ చేత తిట్లు తింటున్నారా? అన్నీ రాయి.

చేతిలో ఫోను పెట్టుకుని ఈ ఉత్తరమేమిటే అనుకుంటున్నావు కదూ. ఫోనులో నన్ను నువ్వు మాట్లాడనిస్తేగా! తిన్నావా అని అడుగుతావు, నేను నోరు తెరిచేలోపు నువ్వేం వండావో చెప్పేస్తావు. ఇక్కడైతే అడ్డు తగలకుండా చివరిదాకా వినక తప్పదు. నాన్నకు కూడా చదివి వినిపించు.

ఊరు అలవాటవుతోంది. మన మదనపల్లె చల్లదనం మాత్రం లేదు. పొద్దున్నే చీర కట్టుకుంటే బడికి చేరేసరికి ఒంటికి అంటుకుపోతుంది. సాయంత్రం కొండల మీంచి మబ్బు దిగి ఒక వాన కురిస్తే అప్పుడు ప్రాణం లేచొస్తుంది. పులుసులో బెల్లం వేస్తారక్కా! మొదట్లో ముద్ద దిగేది కాదు. ఇప్పుడు బెల్లం తక్కువైతే నేనే కనిపెట్టేస్తున్నాను. అయినా సరే, చెనక్కాయల పొడి ఒక డబ్బా పంపు. మాట కూడా తిరిగిపోతోంది. మొన్న క్లాసులో పిల్లలను "ఏటి చేస్తున్నారు?" అనేశాను. వాళ్ళు నవ్విన నవ్వుకు పక్క క్లాసు టీచరు వచ్చి తలుపులో నిలబడింది.

ఆదివారాలు మాత్రం కష్టంగా ఉండేవి. ఊరంతా ఎవరిళ్ళలో వాళ్ళుంటే నేను గదిలో గోడలు చూస్తూ కూర్చునేదాన్ని. ఏడుపు కూడా వచ్చేది. నీకు చెబితే బస్సెక్కి వచ్చేస్తావని చెప్పలేదు. ఇప్పుడు పరవాలేదు. ఎందుకు పరవాలేదో చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను అద్దెకున్న ఇల్లు అన్నదమ్ములది. కింద అన్న సన్యాసయ్యగారు, పైన తమ్ముడు అప్పలస్వామిగారు. నాది కింద వెనక గది. పంపకాలప్పుడు బయటి మేడమెట్లు ఎవరి భాగం అన్న దగ్గర మాట పెరిగి, అన్నదమ్ములకు మాటలు పోయాయి. తోడికోడళ్ళు ఎదురుపడితే "వర్షం వచ్చేలా ఉన్నాది" అని ఆకాశంతో చెప్పుకుంటారు. కొబ్బరిచెట్లు పంచుకున్నారు, పెరడు పంచుకున్నారు, నీళ్ళ మోటారుకు వంతులు పెట్టుకున్నారు. వైఫై ఎలా పంచాలో మాత్రం పెద్దమనుషులకు తెలియక అది ఉమ్మడిగానే ఉండిపోయింది.

సన్యాసయ్యగారు ఒకప్పుడు తప్పెటగుళ్ళ జట్టుకు గురువు. నీకు తెలియదులే. గుండెల మీద గుండ్రటి రేకు తప్పెట్లు కట్టుకుని, కాళ్ళకు గజ్జెలతో, రెండు చేతులా కొట్టుకుంటూ పాడుతూ ఎగిరే ఆట. అప్పలస్వామిగారు అదే జట్టులో వంత పాడేవారట. ఇప్పుడు అన్నగారికి పక్షవాతం. కుడిచెయ్యి లేవదు, మాట లేదు. పొద్దస్తమానం కిటికీ వైపు చూస్తూ కూర్చుంటారు.

ఆయన భార్య పైడమ్మగారు ఒకరోజు నాకు కాఫీ ఇచ్చి పక్కనే కూర్చున్నారు.

"టీచరమ్మా, మా ఆయన ఆట ఒకపాలి టీవీలో వచ్చింది. మా మరిది దాన్ని రికాడు చేసి ఉంచినాడని వాళ్ళబ్బాయి నా సెవిలో ఏసినాడు. ఒక్కసారి ఈయనకి సూపించాల. మతి కూడా తగ్గిపోతన్నాది. నానెవరో, తానెవరో ఈయన మరిసిపోకముందే సూపించాల. ఇంకేటీ అడగను దేవుణ్ణి."

సరేనన్నాను.

అప్పలస్వామిగారు కొడుకు వదిలి వెళ్ళిన కంప్యూటర్లో టీవీ కార్యక్రమాలు రికార్డు చేసుకుంటారు. అలా రికార్డయినవి ఆ కంప్యూటరు చూపిస్తేనే కనబడతాయి. పెన్‌డ్రైవ్‌లో వేసి కిందికి తెస్తే వట్టి నల్లతెర. అన్నగారు ఆ మెట్లు ఎక్కలేరు, ఎక్కగలిగినా ఆ మెట్లే ఎక్కరు. కింద పైడమ్మగారి అమ్మాయి చదువుకున్న నాటి కంప్యూటరు ఒకటి గుడ్డ కప్పుకుని ఉంది. రెండూ ఒకే వైఫై మీద ఉన్నాయి కాబట్టి, పైన పెట్టిన బొమ్మను కింద చూడొచ్చు. మెట్ల దగ్గర అప్పలస్వామిగారిని ఆపి అడిగాను. ఆయన చెప్పులు వేసుకుంటూ, "మీ సావు మీరు సావండి" అన్నారు. ఇక్కడ దాన్ని ఒప్పుకోవడమే అంటారని బడిలో ఆయా చెప్పింది.

కింది కంప్యూటర్లోంచి పైదాన్ని పిలిచాను. చూపించమంటారా అని పైతెర మీద ప్రశ్న వచ్చింది. ఆ అబ్బాయి అమ్మానాన్నలకు అర్థమవ్వాలని అంతా తెలుగులో పెట్టి వెళ్ళాడు. అదే కొంప ముంచింది. "ఈ కంప్యూటరుతో భాగస్వామ్యం చేయాలా?" అని అడిగిందట. ఆ సమయానికి ఇంట్లో ఉన్నది తమ్ముడుగారి భార్య నూకరత్నంగారు. ఆవిడ "భాగ" దాకా చదివారు. వద్దు నొక్కేశారు.

అంతే, పిట్టగోడ దగ్గరికి వచ్చేశారు.

"భాగాలు పెద్దమనుసుల ముందు అయిపోనాయి కదా! ఇంకా ఏటి మిగిలిందని మిసను సేత అడిగిస్తన్నారు? సదువుకున్న టీచరమ్మని మజ్జెలో ఎట్టుకుని!"

కింద పైడమ్మగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. ఆ తర్వాత నూకరత్నంగారు నన్ను చూస్తే ఆకాశంతో కూడా మాట్లాడలేదు. అక్కా, మంచికి పోతే చెడు ఎదురైందంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఇల్లు మారిపోదామనుకున్నాను. కానీ పైడమ్మగారు ఏమీ అనకుండా రోజూ ఆ కంప్యూటరు మీది దుమ్ము తుడుస్తుంటే మనసొప్పలేదు. ఆదివారం ధైర్యం చేసి పైకి వెళ్ళాను.

"అది వాటా కాదండీ," అన్నాను. "ఉన్నదాన్ని కలిసి పంచుకోవడం, అంతే."

"నేనూ అదే కదమ్మా సెప్తన్నాను! పంచుకోడం అంటే వాటాలు కాదేటి మరి?"

నిజమే కదా! మన భాషలో విడిపోవడానికీ కలిసి తినడానికీ ఒకటే మాట. పంచుకున్నారంటే అన్నదమ్ములు విడిపోయారని ఊరంతా అనుకుంటుంది. ఇంకో మాట కోసం వెతుక్కుంటూ నిలబడ్డాను.

వాలుకుర్చీలో ఉన్న అప్పలస్వామిగారు అప్పుడు నోరు విప్పారు.

"సూపించడం అనుకోయే, రత్నం. మనకాడున్నది మనకాడే ఉంటాది. కింద అన్నయ్య సూస్తాడు. అంతేకదమ్మా?"

అంతేనండీ అన్నాను. అన్నయ్య అన్న మాట వినగానే నూకరత్నంగారు ఆయన మొహంలోకి చూశారు. ఎప్పటినుంచో ఆ మేడ మీద అన్నగారి పేరు "కిందోళ్ళు".

"ఐతే ఆ ముక్కే రాయొచ్చు కదా ఆ మిసను మీద," అని గొణిగి, ఆవిడే వెళ్ళి కంప్యూటర్ పెట్టారు. చూడు అక్కా, తెర మీది తేదీ చూస్తే ఆ ఆట రికార్డయింది పంపకాల తర్వాతే. మాటల్లేని రోజుల్లో, టీవీలో అన్న వస్తాడని తెలిసి, కూర్చుని పట్టి ఉంచుకున్నాడు ఈ తమ్ముడు.

కిందికి పరుగెత్తి మళ్ళీ పైదాన్ని పిలిచాను, ఈసారి ఆవిడ సరే నొక్కారు. బొమ్మ వచ్చింది. సన్యాసయ్యగారు కిటికీ మీంచి చూపు తిప్పారు. తెర మీద ఆయనే, నల్లమీసాలతో, గుండెల మీద తప్పెట్లతో. సరిగ్గా పాట ఎత్తుకునే చోట బొమ్మ ఆగిపోయింది, దాని మీద చక్రం ఒకటి గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. మధ్యలో స్లాబు మందంగా ఉండి వైఫై అందడం లేదు. పైడమ్మగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"వైరు ఏస్తే ఆగదు కదమ్మా?" అని పైనుంచి కేక. అప్పలస్వామిగారు పిట్టగోడ మీంచి నెట్ వైరు కిటికీలోకి వదిలారు. అది కంప్యూటరు దాకా రాలేదు, బల్ల జరపాలి. నా ఒక్కదాని వల్ల కాలేదు. "జరగండి, బేగి" అంటూ ఆయన మెట్లు దిగి లోపలికి వచ్చి బల్ల ఎత్తారు. వచ్చాక ఎక్కడున్నారో గుర్తొచ్చినట్టుంది, అక్కడే నిలబడిపోయారు.

ఈసారి ఆగలేదు. తెర మీద అన్నగారు పాట ఎత్తుకుని వంతకు వదిలారు. టీవీలో వంత పాడింది ఎవరో కొత్తవాళ్ళు. అప్పలస్వామిగారు వాళ్ళకంటే ముందే అందుకున్నారు, చిన్నగా, గోడకు చేరబడి. సన్యాసయ్యగారి ఎడమచెయ్యి ఒడిలోంచి లేచింది. తడబడుతూ ఎదమీద పడింది. మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది, తాళానికి సరిగ్గా. పైడమ్మగారు చీరకొంగుతో కళ్ళు తుడుచుకోవడం కూడా మానేసి చూస్తున్నారు. నేనైతే ఏడ్చేశాను, దాచుకోవడమెందుకు.

ఆట అయిపోయింది. పైనుంచి నూకరత్నంగారు అరిచారు. "అయిపోనాదేటి? వైరు లాగేయనా?"

సన్యాసయ్యగారు మెడ తిప్పి తమ్ముడి వైపు చూశారు. పెదవులు చాలాసేపు కదిలాయి. తర్వాత, ఇన్నాళ్ళుగా భార్య కూడా వినని గొంతుతో, ఒక్క మాట అన్నారు.

"ఉంచు."

వైరు ఇంకా అలాగే ఉంది. అప్పలస్వామిగారు సాయంత్రాలు కిందికి వస్తున్నారు, ఆదివారాలు నేనూ వాళ్ళతోనే కూర్చుంటున్నాను. నాన్న కాళ్ళకు నా దండాలు చెప్పి ఆయన దీవెన నాకు పంపు. బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నా గురించి దిగులు పెట్టుకోవద్దు.

నీ చెల్లెలు
నాగవేణి