నిన్ను దాటిపోయిన గిన్నె

స్వప్నోళ్ల నాయినా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మగ్గాల పనికి మనం వలసొచ్చిన ఈ అమ్రోలిలో మన చర్చికే వెళ్లాను. ఆరాధన మొదలుకాకముందు పాస్టరయ్య నా నెత్తి మీద చేయి పెట్టి, నీ పేరెత్తి ప్రార్థన చేశాడు. ఆయన నోట్లో యాలకుల వాసన. ఆ యాలకుల కింద ఏం దాగుందో నీ పెళ్లాన్ని, నాకు తెలియదా? నువ్వూ అవే నమిలి ఇంటికొచ్చేవాడివి.

"ఏందయ్యగారూ ఇది?" అన్నాను మెల్లగా.

ఆయన అటూ ఇటూ చూశాడు. "రాత్రిపూట నిద్ర పడ్తలేదమ్మా. జరంత తీసుకున్న, దవాయి లెక్క. ఎవ్వరికీ చెప్పకు."

నువ్వూ అదే చెప్పుకున్నావు కదా! కళ్లు మూస్తే చెవుల్లో మరమగ్గాలే మోగుతున్నాయని, చుక్క పడితే గానీ నిద్ర రావడం లేదని ఆయన ముందే ఏడ్చావు. "ప్రార్థన చేసుకో, నిద్ర అదే వస్తది" అన్నాడు. తాగుబోతువని అందరి ముందూ నిన్ను ప్రభు బల్లకు దూరం పెట్టాడు. నువ్వు పోయేదాకా రొట్టె, ద్రాక్షరసం గిన్నె నిన్ను దాటే పక్కవాళ్లకు వెళ్లాయి. నువ్వేమో తల వంచుకుని కూర్చునేవాడివి. "అయ్యగారు చెప్పింది నిజమేనే, నాకు అర్హత లేదు" అనేవాడివి.

"ప్రార్థన చేసుకోండ్రి అయ్యగారూ, నిద్ర అదే వస్తది" అన్నాను.

ఆ మాట ఎవరిదో ఆయనకు గుర్తే రాలేదు. "అవునమ్మా, అవును" అంటూ ముందుకు వెళ్లిపోయాడు.

ఆరాధన చివర్లో ఆయనే గిన్నె నా ముందుకు చాపాడు. నేను తీసుకోలేదు. నీలాగా తల కూడా వంచుకోలేదు.