ఎండలో పెట్టిన శుభలేఖలు

పెదజాలారిపేట,
12-6-2001

అనూరాధ మేడమ్ గారికి నమస్కారాలు.

మీరు నన్ను నమ్మి ఇప్పించిన శుభలేఖల పని చెడిపోయింది. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అచ్చు తడి ఆరకముందే వేడికి కరిగే పొడి చల్లి, దులిపి, ఇస్త్రీపెట్టె వేడి చూపిస్తే అక్షరాలు ఉబ్బుతాయని మీరు ఉక్కునగరం శిక్షణ తరగతిలో చేసి చూపించారు. ఇక్కడ సముద్రపు గాలికి కాగితమే చెమ్మగిల్లుతోంది. పొడి అక్షరాలకే కాక కార్డంతా అంటుకుంటోంది. ఈ పొద్దున కార్డులన్నిటికీ అచ్చు వేసి, పొడి తేవడానికి లోపలికి వెళ్లాను. వచ్చేసరికి అమ్మ వాటిని ఎండుచేపల పక్కన వల మీద పరిచేసింది.

"తడిగున్నాయని ఎండేసినానమ్మా. సాయంత్రానికి సేపల్లాగ గలగల్లాడతాయి, సూడు!" అంది సంబరంగా.

ఎండకు సిరా అప్పటికే ఆరిపోయింది. ఇక పొడి అంటుకోదని ఆమెకు చెప్పలేకపోయాను. కార్డులకు చేపల వాసన కూడా పట్టింది.

ఈ పని కుదిరితే డిగ్రీలో చేరుస్తానని, లేకపోతే అమ్మ వెంట చేపల గంప ఎత్తుకోవాలని నాన్న అన్నాడు. మిగిలిన కాగితం ఒక్క ప్రయత్నానికే సరిపోతుంది. ముట్టుకోవడానికి చెయ్యి రావడం లేదు.

అమ్మ ఇంకా కర్ర పట్టుకుని, కార్డుల మీద కాకులు వాలకుండా కాపలా కూర్చుంది.

ఏం చేయమంటారో దయచేసి పద్దెనిమిదో తేదీలోగా జవాబు రాయండి; ఆ వారంలోనే కార్డులు అప్పగించాలి.

మీ విద్యార్థిని