ఆరు బారలు కాదు

మామయ్యా,

పడవ కేబిన్ తాళం తీసే ముందే ఇది చదవండి. నిన్న కేబిన్ తెరిచి ఉంటే, మీరు ముట్టుకోవద్దన్న చేపల మిషన్‌ని ముట్టుకున్నాను. తెర నిండా పిచ్చి చుక్కలు పడుతుంటే సెట్టింగులు సరిచేస్తూ, అది చూపే నీటి లోతుని బారల నుంచి అడుగుల్లోకి మార్చాను. తిరిగి మార్చడం మర్చిపోయాను.

మీరు అంకె తప్ప పక్కన అక్షరం చూడరు. ఇవాళ మంచు దట్టంగా ఉంది, ఆ అంకే మీకు కళ్లు. బండల దగ్గర ఆరు కనబడితే అది ఆరు బారలు, అంటే ముప్పై ఆరడుగులు కాదు, ఉత్త ఆరడుగులు. మన పడవ నీళ్లలోకి దిగేదే ఐదడుగులు!

నా ఫోన్ మీరు ఎత్తరు. మీ అమ్మాయి చెబితే నన్ను వెనకేసుకొస్తోందంటారు. అందుకే కాగితం తాళానికే కట్టాను.

బయల్దేరే ముందు ఒక్కసారి ఫోన్ చెయ్యండి, తిట్టడానికైనా సరే. మూడు నెలలైంది మీ తిట్లు విని.

మీ అల్లుడు