మూల ముయ్యని బొంత

మావకు సాయిదుర్గ రాస్తున్నది.

ఇక్కడ అందరూ క్షేమం. ఉత్తరం అలా మొదలుపెట్టాలని బళ్ళో నేర్పారు కాబట్టి రాశాను. మీ అమ్మ క్షేమం, నీ చెల్లెలు మహేశ్వరి క్షేమం, దాని బిడ్డ ఇంకా క్షేమం. వేరావల్‌లో నువ్వూ క్షేమంగానే ఉంటావు. నిన్నెవరూ గోనెసంచిలో కట్టలేదు కదా.

నేను ఫోన్ ఎత్తడం లేదని నీ బోటులో పనిచేసే పోలిరాజు అన్న చేత ఉత్తరం పంపావు. మంచి పని చేశావు. ఫోన్లో అన్న మాటని తర్వాత అనలేదనొచ్చు. కాగితం మీద రాసింది కాగితం మీదే ఉంటుంది. అందుకే నేనూ కాగితం మీదే జవాబిస్తున్నాను. అన్న ఎల్లుండి కొర్బా రైలెక్కి అక్కడికి తిరిగొస్తున్నాడు. నేను చదివింది ఐదో తరగతి. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో, మాటలు మాత్రం వంకరగా లేవు.

అన్నం తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. ఆ ముక్క రాయకపోయినా బాగుండేది. నాలుగు వైపులా తిట్టి మధ్యలో అన్నం తిన్నావా అని అడిగితే తిట్లు తిట్లు కాకుండా పోవు.

పేరు పెట్టిన రోజు బొంత మూల ఎందుకు ముయ్యలేదు, నలుగురిలో మా అమ్మ పరువెందుకు తీశావు అని అడిగావు. చెప్తాను. కానీ ముందు ఆ బొంత ఎలా తయారైందో విను. నువ్వు ఎప్పుడూ అడగలేదు.

మద్దిలపాలెం డిపో ఎదురుగా ఉన్న టైలర్ దగ్గర జాకెట్లు కత్తిరించగా మిగిలిన ముక్కలు తెచ్చుకున్నాను. మన పెళ్ళి శుభలేఖ అట్టని నలుచదరంగా కత్తిరించి దాన్నే కొలతగా పెట్టుకున్నాను. ఒక్కో ముక్క అంచులు అట్ట మీదికి మడిచి, కచ్చాకుట్టు వేసి, అట్ట తీసేసి, గడికి గడి కలిపి చేత్తో కుట్టాను. మొత్తం ముప్పై ఆరు గళ్ళు. కింద మీ అమ్మ పాత నేతచీర. మిషను మీద ఒక్కరోజులో అయిపోతుంది కదా వదినా అని మహేశ్వరి అంది. మిషను కుట్టు బిడ్డ వీపుకి గరుగ్గా తగులుతుంది. నేను నాలుగు నెలలు కుట్టాను.

ఆ నాలుగు నెలలూ నాకు తోడు నా రెండు పిల్లులు, గవ్వ, బొగ్గు. గళ్ళు నేల మీద పరిచి ఏ రంగు పక్కన ఏ రంగు బాగుంటుందో చూస్తుంటే గవ్వ వచ్చి సరిగ్గా మధ్యగడి మీద కూర్చునేది. తెల్లటి ఒళ్ళు, వీపు మీద గవ్వల్లాంటి మచ్చలు, రాణిలా తోక చుట్టుకుని. లేపితే నా కేసి చూసి మళ్ళీ అక్కడే కూర్చునేది. బొగ్గు దారపు ఉండని మంచం కిందికి దొర్లించి తనే దానికి భయపడి గోడెక్కేవాడు. కుళాయి దగ్గర ఆడవాళ్ళతో కూడా నేను నోరు విప్పనని నీకు తెలుసు. నువ్వు చేపల వేటకెళ్ళాక ఈ ఇంట్లో నేను గొంతెత్తి మాట్లాడింది ఆ రెండింటితోనే. నవ్వుకుంటే నవ్వుకో.

మహేశ్వరి పురుటికి వచ్చిన దగ్గర్నుంచీ మీ అమ్మ సణుగుతూనే ఉంది. "పసిగుడ్డుండే ఇంట్ల పిల్లులేటే? ఊపిరి లాగీస్తాయి." నేను వాటిని వెనక పంచలో కట్టేశాను, బిడ్డ గది తలుపు వేసే ఉంచాను. అయినా ఒక శుక్రవారం మద్దిలపాలెం వెళ్ళి వచ్చేసరికి పంచ ఖాళీ. తాడు మడతపెట్టి గూట్లో పెట్టి ఉంది.

"అత్తా, పిల్లులేవీ?" అని అడిగాను.

"ఎల్లిపోనాయి. పిల్లులకి ఇల్లేటి, వాకిలేటి?"

ముడి విప్పుకుని, తాడు మడతపెట్టి వెళ్ళిపోయాయా అని అడగలేకపోయాను. నీకు ఫోన్ చేశాను. గుర్తుందా? బోటు కదిలే ముందు. నువ్వు నవ్వావు. "నాకేటి తెలుసే? వచ్చీస్తాయిలే, ఏడవకు" అన్నావు. నేను నమ్మాను. నమ్మి, ఆ రోజే కూర్చుని ఆఖరి రెండు గళ్ళు కలిపాను.

ఇరవై ఒకటో రోజు పేరు పెట్టారు, జ్యోతిర్మయి అని. మీ ఇంటి ఆనవాయితీ మీ అమ్మే నాకు నేర్పింది. బిడ్డ బొంతకి ఒక మూల విప్పి ఉంచాలి. బిడ్డ చెవిలో పేరు చెప్పాక, బొంత మొదలుపెట్టిన చెయ్యే ఆ మూల ముయ్యాలి. వేరే చెయ్యి సూది పెట్టకూడదు. ముయ్యని బొంత మీద బిడ్డని వెయ్యకూడదు. ఇంత తెలిసిన మీ అమ్మ, ఆ చేతి మనిషికి ఏం చేసిందో మాత్రం మరిచిపోయింది.

ఆ పొద్దున్న ఆటో తోలే పైడయ్య బాబాయి భోజనానికి వచ్చాడు. నన్ను చూసి పెద్దగా నవ్వాడు. "ఏటమ్మా కోడలా, నీ పిల్లులకిప్పుడు రోజూ పండగే! హార్బర్ల సేపలకేటి లోటు?"

నాకు అర్థం కాలేదు. ఆయన ఇంకా సరదాగా చెప్పుకుపోయాడు. "నీ మొగుడే గదా ఫోన్ సేసేడు. బాబాయ్, గోనెసంచిల కట్టి జెట్టీ కాడ వొదిలీ, మా యావిడ ఊర్లోకెల్లినప్పుడు సూసి తీసుకెల్లు అన్నాడు. అబ్బో, ఆ నల్లది సంచిలోంచే నా సెయ్యి గీరీసింది, సూడు!"

చెయ్యి చూపించాడు. చూశాను. నాలుగు గీతలు.

తర్వాత నన్ను పీట మీద కూర్చోబెట్టారు. సూదికి దారం ఎక్కించే ఉంది. ఒళ్ళో బొంత, ఎదురుగా మహేశ్వరి ఒళ్ళో బిడ్డ. చుట్టూ మీ చుట్టాలు.

"ముయ్యి" అంది మీ అమ్మ.

నేను ముయ్యలేదు.

"ఏటే, సెవుడొచ్చిందేటి? ముయ్యమంటన్నాను."

"నా పిల్లులెక్కడ అత్తా?"

ఎవరో కిసుక్కుమన్నారు. "పసిపాప ఎదురుగుండా పిల్లుల గోలేటమ్మా!" అన్నారు ఇంకెవరో. మీ అమ్మ ముఖం నల్లబడింది. "నన్నడుగుతావేటి? నీ మొగుడే సెప్పేడు, నాను పైడయ్యకి తలుపు తీసేను, అంతే. ఆడినడుగు."

సూది దిండుకి గుచ్చి లేచిపోయాను. ఇదీ జరిగింది. మీ అమ్మ పరువు నేను తీయలేదు. మీ తల్లీకొడుకులిద్దరిలో నిజం చెప్పింది మీ అమ్మ ఒక్కతే, అదీ ఆ రోజు.

ఒక సంగతి దాచను. అందరూ నా చేతుల కేసి చూస్తూ ఎదురుచూస్తుంటే నాకు బాగుంది. పెళ్ళై మూడేళ్ళలో ఈ ఇంట్లో నా కోసం ఎవరైనా ఆగింది అప్పుడే. తప్పని తెలుసు. అయినా బాగుంది.

హార్బర్‌లో ఒంటరిగా తిరుగుతున్నావట, నలుగురూ ఏమనుకుంటారు అని రాశావు. ఐదు రోజులు తిరిగాను. వలలు అల్లేవాళ్ళని అడిగాను, ఐసు దంచేవాళ్ళని అడిగాను, ఎండుచేపలు తిరగేసే ఆడవాళ్ళని అడిగాను. మొదటిరోజు గొణుగుతూ అడిగాను. మూడో రోజుకి అరిచి పిలిచాను. "పిల్లి పిచ్చిది వొచ్చింది" అని నవ్వారు. ఐదో రోజు ఐసు ఫ్యాక్టరీ వెనక రేకుల కింద గవ్వ దొరికింది. ముందుకాలు ఈడుస్తోంది. ఒళ్ళంతా నూనె. నన్ను గుర్తుపట్టి కూడా మొదట బుస్సుమంది. తప్పేముంది, నేనైనా బుస్సుమనేదాన్ని. బొగ్గు దొరకలేదు. లారీల దారిలో నల్లపిల్లి ఒకటి పడి ఉండగా చూశానని ఒకామె చెప్పింది. అది బొగ్గో కాదో నాకు తెలియదు, ఎప్పటికీ తెలియదు.

గవ్వని చంకనెత్తుకుని ముందు గుమ్మంలోంచే వచ్చాను.

"మల్లీ తెచ్చేవేటే?" అంది మీ అమ్మ.

"తెచ్చాను" అన్నాను. అంతే. ఆమె పక్కకి జరిగింది.

ఇక నీ ఉత్తరంలో ఆఖరి మాట. వెంటనే మూల ముయ్యి, అమ్మకి క్షమాపణ చెప్పు, లేకపోతే నేనొచ్చి చూసుకుంటాను అన్నావు. పైడయ్యతో మాట్లాడిన సంగతి నీ రెండు పేజీల్లో ఎక్కడా లేదు. మూడుసార్లు వెతికాను.

ఇప్పుడు నేను చెప్పాల్సింది చెప్తాను. ఇంతసేపూ దాచాను. మూల మూసేశాను. నీ ఉత్తరం రాకముందే, సోమవారం మధ్యాహ్నం. ప్లాస్టిక్ చాప మీద పడుకోబెట్టడంతో బిడ్డ వీపంతా చెమటకాయలు పేలాయి. మీ అమ్మ బజారుకెళ్ళింది. మహేశ్వరి కళ్ళు మూసుకుని ఉంది. నేను పెట్టెలోంచి బొంత తీసి కుట్టడం మొదలుపెట్టాను. సగంలో ఉండగా మహేశ్వరి కళ్ళు తెరవకుండానే అంది: "ముయ్యి వదినా. నాను సూడలేదు. అమ్మకి సెప్పను." "అన్నయ్య సేసింది తప్పే" అని కూడా అంది. దారం కొరికి, బిడ్డని బొంత మీద వేశాను. కాళ్ళు ఆడించి నిద్రపోయింది. అది నాకు చేసిన తప్పేమీ లేదు, నాకు దాని మీద ఏ కోపమూ లేదు.

కాబట్టి మావా, ఇప్పుడు నీ మీద ఒత్తిడి పెట్టడానికి నా చేతిలో ఏమీ లేదు. బొంత అయిపోయింది, బిడ్డ పడుకుంది, మూసిన మూల చూసి మీ అమ్మ ఊరంతా నేను లొంగిపోయానని చెప్పుకుంటోంది. చెప్పుకోనీ. నువ్వు నిజం చెప్పినా నీకు కలిసొచ్చేదేమీ లేదు, చెప్పకపోయినా పోయేదేమీ లేదు. అందుకే ఇప్పుడు అడుగుతున్నాను. బొంత మూయించడం కోసం నిజం చెప్పుంటే నేను నమ్మేదాన్ని కాదు.

రెండు ముక్కలు చాలు. సంచిలో కట్టమన్నది నేనే, నువ్వడిగితే అబద్ధమాడాను అని. కింద నీ పేరు. కారణాలు రాయకు. పసిబిడ్డ కోసమని రాయకు. ఆ మాట ముందే నా ముఖాన చెప్పి ఉంటే, ఏడ్చైనా నేనే వాటిని మా పెద్దమ్మ ఇంట్లో దింపి వచ్చేదాన్ని. నా వెనకాల చేసి, నేనడిగితే నవ్వావు. నాకు సంచి కన్నా ఆ నవ్వే ఎక్కువ గుర్తొస్తోంది.

పోలిరాజు అన్న మళ్ళీ వచ్చేటప్పుడు ఆ కాగితం నాకు అందాలి. అందితే నీకు అన్నం వడ్డిస్తాను, మాట్లాడతాను, మిగతాది మెల్లగా చూద్దాం. అందకపోతే నువ్వు ఇంటికి రావచ్చు, అది మీ అమ్మ ఇల్లు. నేను మాత్రం నీతో కుళాయి దగ్గరి ఆడవాళ్ళతో ఉన్నట్టే ఉంటాను. అలా ఎన్నేళ్ళైనా ఉండగలనని నీకు బాగా తెలుసు.

ఇట్లు,
జవాబు కాగితం మీదే కావాలంటున్న నీ భార్య,
సాయిదుర్గ