వాపసు డబ్బా

ప్రొద్దుటూరు,
21-8-2024, బుధవారం.

చిరంజీవి గుణశేఖర్‌కు,

మీ అక్క వసుంధర ఆశీర్వదించి రాయడం ఏమంటే, ఇక్కడ అందరం క్షేమం. క్షేమమని రాయడం మర్యాద కాబట్టి రాశాను. అసలు సంగతి కింద చదువుకో. పులివెందులలో నువ్వు, మరదలు, పిల్లలు, నీ సెల్‌ఫోన్ల అంగడి అన్నీ చల్లగా ఉండాలని అమ్మవారికి మొక్కుకుంటున్నాను.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేందని నవ్వకు. నేను ఫోనెత్తితే చాలు, మీ బావ చెవులు ఇటే ఉంటాయి. అందుకే నువ్వు పంపిన రెండింటిలో వాపసు చేసేదాన్ని డబ్బాలో పెట్టి, దాని మీద ఈ కాగితం పెడుతున్నాను. బస్సు కండక్టరుకు ఇచ్చి పంపుతాను.

మీ బావ గుండె బలహీనంగా ఉందనీ, రోజూ నడవాలనీ, గుండె మరీ వేగంగా కొట్టుకుంటే వెంటనే తీసుకురమ్మనీ కడప డాక్టరు చెప్పినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. నువ్వేమో నడక లెక్కబెట్టే చేతి పట్టీ ఒకటి, గుండె వేగం హద్దు దాటితే ఫోనులో కూత పెట్టే ఛాతీ పట్టీ ఒకటి పంపి, చూసి ఒకటి ఉంచుకోమన్నావు. సులభంగా అన్నావు గానీ, ఏది ఉంచుకోవాలో తేల్చుకోలేక నా ప్రాణం విసిగిపోయిందిరా.

ముందు చేతి పట్టీ సంగతి. ఎడమ చేతికి కట్టుకోవాలని నువ్వు చెప్పి పంపినా, కొత్త వస్తువు ఎడమ చేత్తో మొదలుపెడితే బేరాలు కలిసిరావని మీ బావ కుడి చేతికే కట్టారు. సాయంత్రం చీరల అంగడి నుంచి రాగానే మణికట్టు నా ముఖం ముందు పెట్టి, "చూడు, ఎంత నడిచినానో" అని ఒకటే గొప్పలు. నేనూ నమ్మి వరలక్ష్మీ వ్రతంనాడు ఇంకో టెంకాయ ఎక్కువ కొట్టాను. తీరా, మన అంగడి చీరలకు ఫాల్స్ కుట్టే ఖాతూన్‌బీ నవ్వి, "యాడ నడిచినాడమ్మా మీ శెట్టి? పొద్దస్తమానం పరుపు మీదనే కూర్చోనుండాడు. దిగితే గదా!" అని గుట్టు బయటపెట్టింది. శ్రావణమాసం, పెళ్ళి బేరాలు. పరుపు మీద బాసింపట్టు వేసుకుని, వచ్చినవాళ్ళ ముందు కుడి చేత్తో చీర తర్వాత చీర విసిరి పరుస్తుంటే, ఆ పట్టీ ప్రతి విసురునూ అడుగని లెక్కేసుకుంది! నిలదీస్తే, "మిషను అబద్ధం చెప్తాదా?" అని నన్నే దబాయించారు.

ఇక గుండె పట్టీని ఆయన ముట్టనే లేదు. బేరం మధ్యలో కుయ్యిమంటే కొనేవాళ్ళు లేచిపోతారట. కనీసం పనిచేస్తుందో లేదో చూద్దామని, నువ్వు చెప్పినట్టే తడిచేసి నేనే కట్టుకున్నాను. కందిపప్పు చేటలో పోసుకుని రాళ్ళేరడానికి కూర్చున్నానో లేదో, ఫోను కుయ్యోమని మొదలుపెట్టింది. విప్పి, తుడిచి, మళ్ళీ కట్టాను. అదే కూత. మంచం మీద నడుం వాల్చినా కూతే. పప్పు ఏరుకునే ఆడదానికి గుండె పరుగులేంది, పాడు! ఒకటేమో కూర్చున్నవాణ్ణి నడిపిస్తుంది, ఇంకొకటి కూర్చున్నదాన్ని పరిగెత్తిస్తుంది. రెండూ దొంగవే. చివరికి మీ బావ ఇష్టపడినదాన్ని ఉంచుకుని, చెడిపోయినదాన్ని పంపిస్తున్నాను. పట్టీని ఎడమ చేతికి మార్చుకుంటానని ఆయన చేత ఒట్టేయించుకున్నాను. రోజూ అమ్మవారిశాల గుడి దాకా నేనే వెంటబెట్టుకుని నడిపిస్తాను.

నడిపిస్తానన్నాను గానీ, నాకే ఓపిక చాలడం లేదు. వ్రతం పనులతో ఒళ్ళు హూనమైంది. తడి బట్టల బకెట్టుతో మిద్దెమెట్లు ఎక్కుతూ సగంలోనే కూలబడుతున్నాను. దానికి తోడు ఈ ఉక్క. మొన్న జమ్మలమడుగులో నీ చిన్నక్క కూతురు మాధురి సీమంతానికి కూడా పోలేకపోయాను, దానికి కోపం వచ్చే ఉంటుంది. వయసు మీద పడుతోంది, అంతే. ఏ ఇంట్లో చూసినా ఆడవాళ్ళ పాటు ఇదే గదా. ఆయన గుండె బాగుంటే నాకదే చాలు.

మరదలిని అడిగానని చెప్పు. పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
నీ అక్క
వసుంధర

తా.క.: డబ్బాకు టేపు వేయబోతుంటే ఖాతూన్‌బీ చీరల మూటతో మెట్లెక్కి వచ్చింది. "చెడిపోయిందో లేదో నాకు కట్టి చూడమ్మా" అంటే సరదాకు కట్టాను. రొప్పుతూ వచ్చిన మనిషి, అయినా ఫోను కూయలేదు. అన్నానికి వచ్చిన మీ బావను బతిమాలి కట్టాను. ఆయనకూ కూయలేదు. ఇద్దరూ వెళ్ళాక తలుపేసుకుని మళ్ళీ నేను కట్టుకున్నాను. కూసింది.

మిషను మంచిదేరా, గుణా. మీ బావకు ఇంకా చెప్పలేదు, భయపడతారు. నీకు ఫోను కలిపి, మోగకముందే పెట్టేశాను. డబ్బాలో పట్టీ కనబడలేదని వెతకొద్దు, అది నా ఎద మీదనే ఉంది. ఇది చదివిన వెంటనే బస్సెక్కు, కడపకు పోదాం.