తొడిమ లేని కాయ

మావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. విజయవాడ మహానగరంలో చూసి తీరాల్సినవేంటో పెద్దమనుషులు కూర్చుని ఎంచారు. మన నూజివీడునీ అందులో కలిపేసి, సెంటర్లో కట్టిన సిమెంటు మామిడికాయని గొప్ప గుర్తుగా తేల్చారు. చిన్నరసమట! గుమ్మడికాయలా ఉంది. తొడిమ కూడా లేదు. తొడిమ ఊడిన కాయని నువ్వు గంపలో వెయ్యనిచ్చేవాడివి కాదు, సొన కారి పక్కకాయల్నీ పాడుచేస్తుందని.

ఫొటోలు తియ్యడానికొచ్చిన ఆఫీసరుని అడిగేశాను.

"తొడిమ ఏదండీ?"

"తొడిమదేముందమ్మా, ఎవరు చూస్తారు?" అని నవ్వాడు.

వాడి మొహం! చెట్టెక్కి ఒక్క కాయ కోసిన మొహమేనా అది? పోయినేడు కొమ్మ విరిగి నువ్వు పడ్డప్పుడు, నీ గుప్పిట్లోంచి నేను తీసిన కాయకి తొడిమ ఊడలేదు.